పేరు, తండ్రి పేరు, ఊరు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మా ఐరోపా యాత్ర గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు అడిగారు. లండన్, పారిస్ వింతలు మీలో చాలామందికి తెలిసినవే. అందుకని మేము ఏ పని మీద వెళ్ళామో అదే చెబుతాం.

మా ముత్తాత బొలారం వాసి. ఇరవయ్యో దక్కన్ హార్స్ రిసాలాలో సవారు. నిజాం రాజ్యపు అశ్వికదళాల నుంచి పుట్టిన పటాలం అది. సిక్కులు, జాట్లతో పాటు దక్కనీ ముస్లింలు అందులో ఉండేవారు. 1914లో ఆ పటాలం ఫ్రాన్సుకు ఓడ ఎక్కింది. ఆయన తిరిగి రాలేదు. యుద్ధం అయిపోయాక ఇంటికి ఒక వెండి పతకం వచ్చింది. దాని అంచున నంబరు, పేరు, పటాలం చెక్కి ఉండేవి. ఇద్దరు పసిపిల్లలతో మిగిలిన మా ముత్తవ్వ ఒక కరువు ఏడాది దాన్ని అమ్మి బియ్యం తెచ్చింది. పతకంతో పాటు నంబరూ పోయింది. మా చేతిలో మిగిలింది ఆయన పేరు, పటాలం పేరు, అంతే.

మా అబ్బాజాన్‌కు ఎనభై దాటాయి. తన దాదా మట్టి అయిన చోట నిలబడి ఒక్కసారి ఫాతిహా చదవాలన్నది ఆయన కోరిక. మేమిద్దరం, పిల్లలిద్దరు, అబ్బాజాన్, మొత్తం అయిదుగురం బయలుదేరాం.

ముందు ఇంగ్లండు వెళ్ళాం. గాయపడిన మన సిపాయిల కోసం బ్రైటన్‌లో ఒకప్పటి రాజభవనాన్నే ఆసుపత్రిగా మార్చారు. ముస్లింలకు, హిందువులకు, సిక్కులకు విడివిడిగా వంటశాలలు పెట్టారు. అక్కడ చనిపోయిన హిందువులకు, సిక్కులకు ఊరి బయట కొండల మీద దహన సంస్కారాలు జరిగాయి. ముస్లింలను వోకింగ్ తీసుకువెళ్ళి, షాజహాన్ మసీదుకు దగ్గరలో ఖననం చేశారు. ఆ మసీదు 1889 నాటిది, భోపాల్ బేగం షాజహాన్ గారి ధనసహాయంతో కట్టినది. అక్కడ జుమా నమాజు చదివాం. ఆ ఖబర్లను 1960ల చివర బ్రూక్‌వుడ్‌కు మార్చారు. అక్కడికీ వెళ్ళి రాళ్ళ మీది పేర్లు ఒక్కొక్కటే చదివాం. మా ముత్తాత పేరు కనబడలేదు.

తరువాత ఫ్రాన్సు. ఉత్తరాన నవ్ షపెల్ అనే చిన్న పల్లె ఉంది. 1915 మార్చి 10 నుంచి 13 వరకు మన సిపాయిలు అక్కడ పోరాడారు. పశ్చిమ రణరంగంలో చనిపోయి, సమాధి ఎక్కడుందో తెలియని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు అక్కడి స్మారకం మీద చెక్కి ఉన్నాయి. 1927లో దాన్ని ఆవిష్కరించారు. గుండ్రటి ప్రహరీ, మధ్యలో తామరపువ్వు శిఖరంతో పొడవాటి స్తంభం. దేవుడు ఒక్కడే, విజయం ఆయనదే అన్న అర్థం వచ్చే మాటలు దాని మీద అరబ్బీలో, హిందీలో, గురుముఖిలో, ఇంగ్లీషులో ఉన్నాయి. మా పిల్లలు ఆ అరబ్బీని పైకి చదువుతుంటే అబ్బాజాన్ కళ్ళు తుడుచుకున్నారు.

పేర్లు పటాలాల వారీగా ఉన్నాయి. మా ముత్తాత పేరుగలవాళ్ళు వేరే పటాలాల కింద చాలామంది కనిపించారు. దక్కన్ హార్స్ కింద అదే పేరు, అక్షరాలు కొంచెం తేడాగా, ఒక్కటి దొరికింది. రిజిస్టరు తెరిచాం. చాలామంది సిపాయిలకు తండ్రి పేరు, ఊరు, జిల్లా రాసి ఉన్నాయి. ఆ ఒక్క పేరు పక్కన అవేమీ లేవు. ఆయనే అనడానికీ లేదు, కాదనడానికీ లేదు.

మా అమ్మాయి అడిగింది: “దాదా, ఈయన మనవాళ్ళేనా?”

అబ్బాజాన్ అన్నారు: “కాకపోతే ఇంకెవరి దాదానో అయి ఉంటారు బేటా. ఆయన కోసం ఇంతదూరం ఎవరొస్తారు? మనమే చదువుదాం.”

అందరం చేతులెత్తి దువా చేశాం.

మర్నాడు సోమ్ ప్రాంతంలో హై వుడ్ అనే అడవి దగ్గరికి వెళ్ళాం. 1916 జులై 14న దక్కన్ హార్స్ సవారులు బల్లేలు పట్టి గుర్రాల మీద శత్రువు మీదికి దూకింది అక్కడే. ఇప్పుడు చుట్టూ పంట పొలాలు. అబ్బాజాన్ గట్టు మీద కూర్చుని చాలాసేపు లేవలేదు.

పెద్దలారా, మా ముత్తవ్వ లాంటి బేవాలు, యతీములు మన సంఘం గడప తొక్కుతూనే ఉన్నారు. వారికి బియ్యం ఇస్తున్నాం, ఫీజులు కడుతున్నాం, అల్‌హమ్దులిల్లాహ్. దానితో పాటు మా విన్నపం ఒకటి. సహాయం పుస్తకంలోనూ, ఖబరస్తాన్ రిజిస్టరులోనూ పేరొక్కటే రాసి ఊరుకోవద్దు. తండ్రి పేరు, ఊరు, తారీఖు కూడా రాయించండి. చదువు రానివారైతే అడిగి రాయండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే నాలుగు తరాల పేర్లు ఒక నోటు పుస్తకంలో ఎక్కించండి. ఒక్క పంక్తి పని అది. ఆ ఒక్క పంక్తి లేకనే నూరేళ్ళ తరువాత మేము సముద్రాలు దాటి వెళ్ళి ఆ గోడ ముందు నిలబడాల్సి వచ్చింది.

పరాయి నేలలో కన్నుమూసిన వారందరినీ, వారి పేర్లు మనకు తెలిసినా తెలియకపోయినా, అల్లాహ్ మన్నించుగాక. ఆమీన్.