గాలి ఎవరిచ్చారు?

సబ్‌మెరైన్‌లో పనిచేసినవారికి గాలి విలువ వేరే చెప్పక్కర్లేదు. 1939లో బ్రిటిష్ సబ్‌మెరైన్ థీటిస్ మునిగాక, మూసిన గదిలో తానే కూర్చుని కార్బన్ డయాక్సైడ్ ప్రభావం పరీక్షించుకున్న శాస్త్రవేత్త హాల్డేన్. ఆయన 1957లో మన భవానీపూర్‌కి ఊరి ఆ చివర, బరానగర్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు.

తొలినాటి గాలిలో ఆక్సిజన్ లేకపోబట్టే జీవానికి ముడిసరుకు చెడకుండా పోగయిందని 1929లోనే ఆయన రాశారు. ఆక్సిజన్ నిలవడం సుమారు 240 కోట్ల ఏళ్ల కిందటి సంగతి. అదీ సూక్ష్మజీవుల చలవే. శుక్రుడి గాలిలో 96 శాతం కార్బన్ డయాక్సైడే. అంగారకుడి గాలి చాలామటుకు అంతరిక్షంలోకి జారిపోయింది.

కనక ఏదో గ్రహంపై ఆక్సిజన్ దొరికిందంటే వెంటనే సంబరపడకండి, మీథేన్ కూడా ఉందా అని అడగండి. ఆ రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. ఎవరో నింపుతుంటే తప్ప కలిసి నిలవవు.

అన్నట్టు, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూసిన హాల్డేన్ దేహం, ఆయన కోరిక మేరకు, మన కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకే చేరింది.