మాణము, మానిక: గంజాం తెలుగు పల్లె



వజ్రోత్సవాలు, ప్లాటినం ఉత్సవాలు జరిగే వేళ విద్యను గూర్చి ప్రసంగించుట పరిపాటి. నేడు ఆ విద్యకు పిల్లలను పంపిన పల్లెను గూర్చి నాలుగు మాటలు చెప్పుకొనుట సముచితము. బరంపురం చుట్టుపట్ల బడులలో పలక పట్టిన తెలుగు పిల్లలలో ఎందరో సేద్యగాండ్ర ఇండ్ల నుండి వచ్చినవారు. ఆ ఇండ్లలోని జ్ఞానమునకు మన పాఠ్యపుస్తకాలలో చోటు దొరకలేదు.

1936 ఏప్రిల్ 1న ఒడిషా వేరు రాష్ట్రమైనప్పుడు గంజాం జిల్లాలో అధికభాగం మద్రాసు నుండి విడివడి అందులో చేరినది. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి సీమలు మద్రాసులోనే నిలిచిపోయినవి. ఆ గీత కాగితముపై గీచినది. ఒడిషా కొండలలో పుట్టి ఇచ్ఛాపురము ప్రక్కగా సాగే బాహుదా నది ఆ గీతను ఎరుగదు. ఇవతల అక్క, అవతల చెల్లెలు. మధ్య ఒక రాష్ట్రపు సరిహద్దు. కట్నకానుకలు, విత్తనపు వడ్లు మాత్రం ఆ సరిహద్దును దాటుతూనే ఉన్నవి.

ఈ సీమకు నీరే ప్రాణము, నీరే భయము. 1866 నాటి కరవును ఒడియావారు ‘న అంక దుర్భిక్షం’ అని నేటికీ తలచుకొందురు. 1888–89లో గంజాం మరల కరవు పాలైనది. సొరడ, రస్సెల్‌కొండ జలాశయాలతో ఋషికుల్య కాలువల వ్యవస్థ రూపొందినది ఆ శతాబ్దపు చివరి దశాబ్దాలలోనే. ఆ రస్సెల్‌కొండయే నేటి భంజనగర్. దొర పేరు తొలగి ఉపేంద్ర భంజ కవి పేరు నిలిచినది. కాలువ చేరని మెట్టపొలాలకు మాత్రం నేటికీ ఆకాశమే దిక్కు. ఆ ఆకాశము నుండియే తుపానులూ వచ్చును. 1999 అక్టోబరులోను, 2013 అక్టోబరు 12న ఫైలిన్ రూపములోను గోపాలపురం తీరాన విరుచుకుపడిన గాలి పొట్టమీది వరిని నేలకు పరచినది. కోతకు నెల ముందు వచ్చే తుపాను ఎంత క్రూరమైనదో పట్టణవాసులకు చెప్పి ఒప్పించుట కష్టము.

రెండు భాషల నడుమ బ్రతికే పల్లెలో ఏ మాట ఎవరిదో తేల్చుట వృథా ప్రయాస. వేసవి ఉదయాన తెలుగు రైతు త్రాగేది తరవాణి. పొరుగున ఒడియా రైతు పఖాళములోని పుల్లని నీటిని తొరాణి అనును. మనవారి చోళ్ళు వారికి మండియా. అంబలి కుండ మాత్రం ఒక్క తీరు. గురువారాన్ని మనవారు లక్ష్మివారమందురు. పుస్తకాలలో ‘గురువారం’ చూచిన పిల్లలు ‘లక్ష్మివారం’ నాటుమాటయని నామోషీ పడుట తరచుగా కనబడును. అది నాటుమాట కాదు. ఉత్తరాంధ్రము నుండి ఈ గంజాము వరకు పండిన పంటకు మ్రొక్కే మాట అది.

ఆ మ్రొక్కు మార్గశిరములో చూడవలెను. ఒడియా ఇండ్లలో ఆ నెల ప్రతి గురువారము ‘మాణబసా’. ధాన్యం కొలిచే మాణమును క్రొత్త వడ్లతో నింపి, పీటపై నిలిపి, బియ్యపు పిండితో వాకిట నుండి గాదె వరకు లక్ష్మి పాదాలు దిద్దుదురు. తెలుగు ఇల్లాలు అదే నెలలో లక్ష్మివారపు నోము పట్టును. వారి మాణము, మన మానిక ఒకే కుదురు మాటలు. రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచము. 1956 నాటి తూనికల చట్టముతో ఈ కొలతలు అంగడి నుండి తప్పుకొన్నవి. పూజాపీఠముపై మాత్రం కిలోగ్రామును ఎవరూ నిలుపలేదు!

మాణబసా నాడు బలరామదాసు రచించిన లక్ష్మీపురాణం చదువుదురు. అందులో లక్ష్మి శ్రియా అను చండాల స్త్రీ ఇంటి శుభ్రతకు మెచ్చి లోపల అడుగిడును. ఆ కారణముగా బలభద్రుని మాటపై జగన్నాథుడు ఆమెను గుడి నుండి వెళ్ళగొట్టును. అన్నదమ్ములిద్దరు అన్నమునకు మలమలమాడి, తుదకు ఆమె వాకిటనే చేయి చాపుదురు. నాలుగైదు శతాబ్దాల నాటి ఈ కథను పళ్ళు పూలు పెట్టి విని, మరునాడు కళ్ళములో కూలివానికి దూరము నుండి గంజి పోసిన ఇండ్లు లేకపోలేదు. పల్లె సంస్కృతి యని పొగిడేటప్పుడు ఈ సంగతి దాచుట న్యాయము కాదు.

ఇక ఆ మాణమును నింపే చేతులు ఎవరివి? గంజాం మగవాడు ఏనాడూ పొలముతోనే బ్రతుకలేదు. పూర్వము గోపాలపురం రేవులో ఓడ ఎక్కి రంగూను పోయెను; రెండవ ప్రపంచయుద్ధముతో ఆ దారి మూసుకొన్నది. పిమ్మట సూరత్ మరమగ్గాలు పిలిచినవి. నాట్లు, కలుపు, కోత, అప్పు, అత్తగారి మందులు అన్నియు ఇంటి ఆడవారి నెత్తిన పడినవి. పట్టాపై పేరు మాత్రం సూరత్‌లో ఉన్నవానిది. 2020 మే నెలలో సూరత్ నుండి ప్రత్యేక రైళ్ళలో వేలాదిగా తిరిగి వచ్చినప్పుడు గ్రామాల పాఠశాల గదులే వారికి విడిదులైనవి. తాము కూర్చున్న బల్లలను గోడకు జరిపి అక్కడే పడుకొన్న పూర్వ విద్యార్థులు ఎందరో. పరిస్థితి చక్కబడగానే అనేకులు మరల వెళ్ళిరి.

వారి పిల్లలను ఏ మాధ్యమములో చదివించవలెనను ప్రశ్న తల్లులది. ఉద్యోగానికి ఒడియా, ఆంగ్లము కావలెను. తెలుగు దేనికని అడుగుదురు. ఈ ప్రశ్నను మాతృభాషాభిమానమను పెద్ద మాటతో కొట్టివేయుట తగదు. ఆమె లెక్క ఆమెకున్నది. అయితే కుంచము, అడ్డ, గాదె, కళ్ళము, తరవాణి అను మాటలు ఆ తల్లి నోటనే ఉన్నవి. ఈ ఏడు మార్గశిర లక్ష్మివారాలలో ఆరు, ఏడు తరగతుల పిల్లలు ఇంటి పెద్దలనడిగి, ఇటువంటి మాటలను తెలుగు ఒకవైపు, ఒడియా ఒకవైపు వ్రాసి తేగలరు. చదువురాని అమ్మమ్మలు ఆ పుస్తకానికి గురువులగుదురు. వ్రాయుటకు వలసిన నోటుపుస్తకాలు ఇచ్చుటకు పూర్వ విద్యార్థులలో ఎవరైన ముందుకు వచ్చిన, మొదటి లక్ష్మివారమునకే పని మొదలు పెట్టవచ్చును.