బ్యాంకు పద్దుల ఫైలు: ఎక్కించే ముందు
(ప్రసంగ పాఠం)



బ్యాంకు పద్దులను ఎక్సెల్ ఫైలుగా తెచ్చి సంఘం లెక్కల సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించే ముందు నాలుగు సంగతులు సరిచూడవలెనని మనవి చేస్తున్నాము.

ఒకటి, తేదీ. 03/04/2025 అంటే మనకు ఏప్రిల్ 3. కంప్యూటరు అమెరికా పద్ధతిలో ఉంటే మార్చి 4గా చదువుతుంది. అప్పుడు పాల చెల్లింపు కిందటి ఆర్థిక సంవత్సరంలో పడుతుంది; ఆడిటులో జవాబు చెప్పవలసినది మనమే.

రెండు, ఖాతా నంబరులో 15 దాటిన అంకెలను ఎక్సెల్ సున్నాలుగా మార్చివేస్తుంది. ఆ నిలువు వరుసను ముందే టెక్స్టుగా పెట్టాలి.

మూడు, అడుగున ఉన్న మొత్తాల వరుసను తీసివేయాలి. లేకుంటే అదీ ఒక పద్దుగా ఎక్కవచ్చు.

నాలుగు, ప్రారంభ నిల్వకు జమలు కలిపి, చెల్లింపులు తీసివేస్తే ముగింపు నిల్వ రావాలి. పైసా తేడా ఉన్నా ఎక్కించరాదు.

ఈ సరిచూపు జరిగిందా అని సభ్యులూ అడగాలి. అది పాలు పోసినవారి సొమ్ము.