చూడని చిత్రముపై తీర్పు
(రుద్రంగి గ్రంథాలయ సభలో చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయ సభలో సినిమా ప్రసంగ మేల యని మీలో కొందరు తలంపవచ్చును. మేము వినోదమును గూర్చి మాటలాడ వచ్చినవారము కాము. విచారింపక నమ్ముట, విచారింపక నిషేధించుట అను రెండును ఒక్క తల్లి బిడ్డలే యని చెప్పుటకు వచ్చినారము. అందుకు ఒక చిత్రము కథ చక్కగా నుపకరించుచున్నది.

ఆ చిత్రము ‘ది డావిన్సీ కోడ్’. అమెరికా రచయిత డాన్ బ్రౌన్ 2003లో ప్రకటించిన నవలను రాన్ హోవర్డ్ 2006లో తెర కెక్కించెను. పారిసు నగరమందలి లూవ్రు ప్రదర్శనశాలలో ఒక హత్య జరుగును. దాని జాడ వెంబడించిన పండితునకు వింత సంగతులు తెలియవచ్చును: ఏసుక్రీస్తు మేరీ మగ్దలీనాను వివాహమాడెనట, ఆ వంశమును ‘ప్రియరీ ఆఫ్ సయాన్’ అను రహస్య సంఘము శతాబ్దములుగా కాపాడుచున్నదట, మతాధికారులు ఆ సంగతిని కప్పిపుచ్చుచున్నారట. చూచువారిని కదలనీయని కథయే. కాని కథ వేరు, చరిత్ర వేరు.

ఆ రహస్య సంఘము నిజస్వరూప మేమి? 1956లో ఫ్రాన్సు దేశమున పియేర్ ప్లాంటార్డ్ అనునాతడును అతని మిత్రులును రిజిస్టరు చేయించిన సంఘ మది. దానికి ప్రాచీనత నంటగట్టుటకై దొంగ పత్రములు పుట్టించి, ఆ తరువాతి దశకమున పారిసు జాతీయ గ్రంథాలయములో చేర్చిరి. గ్రంథాలయములో దొరికినది గదా యని జనులు నమ్మిరి. తుదకు 1993లో న్యాయాధికారి యెదుట ప్లాంటార్డే అదంతయు కల్పన యని ప్రమాణపూర్వకముగ నొప్పుకొనెను. పఠనమందిరములకు వచ్చు మనము దీనినుండి నేర్వవలసిన దొకటి కలదు. అచ్చుకాగితమైనను, అలమారులోని దైనను, ఎవరు వ్రాసిరి, ఎప్పుడు వ్రాసిరి, ఏ యాధారముతో వ్రాసిరి అని అడిగిన పిమ్మటనే దానిని నమ్మవలెను.

ఇక మన దేశపు సంగతి వినుడు. సెన్సారు బోర్డు ఆ చిత్రమును పెద్దలకు మాత్రమే యని ధ్రువపత్ర మిచ్చెను. కల్పితగాథ యని తెరపై ప్రకటన వేయించెను. అయినను కొన్ని మతసంఘముల విన్నపములపై నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2006 జూన్ 1న దాని ప్రదర్శనను నిలిపివేసెను. హైదరాబాదు మొదలు మన కోరుట్ల, సిరిసిల్లల వరకు ఏ టాకీసులోను అది ఆడరాదని యర్థము. 1955 నాటి సినిమాల చట్టములో శాంతిభంగము కలుగునను భయ మున్నచో నిలుపవచ్చునను విధి యున్నది. దానినే ఆధారము చేసికొనిరి.

చిత్రమును పంపిణీ చేయువారు హైకోర్టు కెక్కిరి. జూన్ 21న న్యాయమూర్తి గోడా రఘురాం ఆ నిషేధమును కొట్టివేసిరి. విచారణలో బయల్పడిన ముఖ్యవిషయ మేమనగా, ఆజ్ఞ నిచ్చిన అధికారి చిత్రమును చూడనే లేదు! ఆక్షేపించినవారి మాటనే తన మాటగా చేసికొని సంతకము పెట్టెను. వాక్స్వాతంత్ర్యము రాజ్యాంగ మిచ్చిన హక్కు; అల్లరి జరుగునేమో యని దానిని కుదించుట తగదు, అల్లరి నణచుటయే ప్రభుత్వ ధర్మము అనునది మన న్యాయస్థానములు పలుమారు చెప్పిన మాట.

మనసు నొచ్చిన భక్తుల బాధ అబద్ధమని మేమనము. వారు చూడక మానవచ్చును, సభ పెట్టి ఖండింపవచ్చును, గ్రంథము వ్రాసి బదులు చెప్పవచ్చును. కాని నిషేధము బదులు కాజాలదు. ‘పెద్దలు నిజమును దాచుచున్నారు’ అని చెప్పు కథను దాచివేసినచో, ఆ కథకు మనమే సాక్ష్యము పలికినవార మగుదుము!

నిజాము పాలనలో సభ పెట్టుటకు ముందుగ అనుమతి పొందవలెనను ‘గస్తీ నిషాన్ 53’ను మన పెద్దలు మరువలేదు. అక్షరము నేర్పు గ్రంథాలయము నాటి పాలకుల కంటికి కుట్రగా కనబడెను. కనుకనే ఈ ప్రాంతపువారికి నిషేధపు చేదు వేరుగ చెప్పనక్కరలేదు.

కుట్రలు లోకములో లేవా యని మీరడుగవచ్చును. లేకేమి? 1948లో మహాత్ముని హత్య వెనుక కుట్ర యున్నది. దాని నెట్లు తేల్చిరి? ఢిల్లీ ఎర్రకోటలో బహిరంగముగ విచారణ జరిపిరి, సాక్షులను పలికించిరి, ముద్దాయిలకు బదులు చెప్పుకొను నవకాశ మిచ్చిరి, 1949లో కొందరిని శిక్షించిరి, రుజువు చాలనివానిని విడిచిరి. నిజమైన కుట్ర వెలుగులో నిలిచి రుజువు కాగలదు. కల్పిత కుట్రకు మాత్రము చీకటి కావలెను, చెవికొరుకుడు కావలెను.

ఆ చెవికొరుకుడు ఎంతకు తెచ్చునో మనకు పొరుగుననే తెలిసినది. 2022 జనవరిలో జగిత్యాలలో మంత్రములు చేయుచున్నారను అనుమానముతో ఒక తండ్రిని, ఆయన ఇద్దరు కుమారులను పొడిచి చంపిరి. బాణామతి యనుడు, చేతబడి యనుడు, అదియు రహస్యపు కుట్రకథయే. అందులో సాక్షి లేడు, పత్రము లేదు, ముద్దాయికి నోరు లేదు. చిత్రమును చూడక నిలిపిన సంతకము నష్టము ఇరువది దినములలో తీరినది. మనిషిని విచారింపక వేసిన తీర్పు నష్టము ఏ హైకోర్టు తీర్పగలదు?

కావున సోదరులారా, ఇట్టి చిత్రములు వచ్చినపుడు నిర్భయముగ చూడుడు. చూచి వచ్చి ఇచ్చట కూర్చుండి చర్చింపుడు. ఏది కల్పన, ఏది చరిత్ర యని పిల్లలకు విడమరచి చెప్పుడు. మీ వీధిలో ఎవరినైన గూర్చి గుసగుస పుట్టినపుడు ‘చూచినదెవరు?’ అని పదిమందిలో గట్టిగ నడుగుడు. అట్లడుగు ఒక్కడున్న వాడలో ఒక ప్రాణము నిలుచును.