ఆడుకోవడానికి ఒక చోటు
(మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్నటి నుంచీ ఈ హాల్లో కూర్చుని గృహహింస కేసుల గురించీ, పెద్దమనుషుల పంచాయితీల్లో జరిగే రాజీల గురించీ, కోర్టు మంజూరు చేసినా చేతికందని భరణం గురించీ మాట్లాడుకుంటున్నాం. భోజనాల తరవాత నన్ను 'స్త్రీలు - తీరిక' అనే విషయం మీద మాట్లాడమన్నారు. తీరిక అనే మాట వినగానే మనలో చాలామందికి కాస్త మొహమాటంగా ఉంటుంది. ఇన్ని చావుబతుకుల సమస్యలుండగా ఇదొకటా అనిపిస్తుంది. పైగా నేను చెప్పబోయేది వీడియోగేమ్‌ల గురించి. నిలువెత్తు పెట్టెలో బిళ్ళ వేసి, నిలబడి ఆడే ఆటల గురించి. నవ్వండి, ఫరవాలేదు. సోషియాలజీలో డాక్టరేటు చేసింది ఇందుకా అని మా అమ్మ కూడా నవ్వింది.

నేను పెరిగింది విజయవాడ సత్యనారాయణపురంలో. 1992, 93 నాటికి గాంధీనగర్ సినిమా హాళ్ళ చుట్టుపక్కల సందుల్లో వీడియోగేమ్ పార్లర్లు వెలిశాయి. పార్లరు అనగానే ఏదో ఊహించుకోకండి. షట్టరు ఉన్న ఒక గది. అందులో నాలుగైదు చెక్క పెట్టెలు, ఒక్కో పెట్టెలో ఒక టీవీ, దాని కింద ఒక హ్యాండిల్, కొన్ని బొత్తాలు. ఒకే ఒక్క టేబుల్ ఫ్యాను, అది కూడా మావైపు కాదు, వేడెక్కిన యంత్రాలవైపు తిప్పి ఉండేది. రూపాయికి ఒక బిళ్ళ. మా పెదనాన్నగారబ్బాయి నాకంటే నాలుగేళ్ళు పెద్ద. చెల్లెల్ని లైబ్రరీకి తీసుకెళ్తున్నానని చెప్పి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళేవాడు. నేను పక్కన ఉంటే అన్నయ్యని ఇంట్లో ఎవరూ ఆరా తీయరు. అన్నయ్య పక్కన ఉంటే నన్ను ఆ గదిలో ఎవరూ నువ్వెందుకొచ్చావని అడగరు. అలా ఒకరికొకరం అనుమతి పత్రాలం.

అక్కడ నాకు ప్రాణమైన ఆట 'స్ట్రీట్ ఫైటర్ 2'. 1991లో జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ తయారు చేసింది. ఎనిమిది మంది యోధుల్లో ఒకర్ని ఎంచుకోవాలి. ఏడుగురు మగవాళ్ళు. ఎనిమిదో మనిషి చున్-లీ. నీలం బట్టలు, తలకి రెండువైపులా రెండు ముడులు, చేతులకి ముళ్ళ కడియాలు. తండ్రిని చంపినవాణ్ణి వెతుక్కుంటూ వచ్చిన పోలీసు అధికారిణి. తన్నే బొత్తాన్ని ఆపకుండా టకటకా నొక్కితే ఆమె కాలు కంటికి ఆననంత వేగంగా ఆడేది. నా బొటనవేలు కాయ కాసింది, దాన్ని ఇంట్లో కనపడకుండా దాచుకునేదాన్ని. అన్నిటికంటే ఆమె గెలిచినప్పుడు చేసే పని నాకిష్టం. గాలిలోకి ఎగిరి గెంతి, గట్టిగా నవ్వేది. అంతకుముందు నేను చూసిన ఆడవాళ్ళు పరీక్ష పాసైనా, పందెం గెలిచినా చెంగు అడ్డం పెట్టుకుని నవ్వినవాళ్ళే.

మొదట్లో కుర్రాళ్ళు చున్-లీని ఎంచుకునేవాళ్ళు కాదు. ఎవరైనా ఎంచుకుంటే "ఆడదాంతో ఆడతావేంట్రా" అని గేలి చేసేవాళ్ళు. ఆమె ఎంత చురుకైనదో ఒక వేసవి సెలవుల్లో అందరికీ తెలిసొచ్చింది. ఆ తరవాత నాకే ఆమె దొరకడం కష్టమైంది! 1993లో వచ్చిన 'క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్' ఆటని మనవైపు పిల్లలెవరూ ఆ పేరుతో పిలవలేదు. అందులో ముస్తఫా అనే పాత్ర ఉండేది కాబట్టి అది 'ముస్తఫా గేమ్'. ముగ్గురు కలిసి ఆడొచ్చు, పాత్రలు నాలుగు. అందులో ఉన్న ఒకే ఒక్క స్త్రీ హానా ఎప్పుడూ మిగిలిపోయేది. కాబట్టి హానా నాది.

ఆ గదిలో ఒక రాయని చట్టం ఉండేది, అదే ఇవాళ మీకు చెప్పాలనుకున్నది. ఒకరు ఆడుతుండగా తరవాతి వంతు కావాలనుకున్నవాళ్ళు తమ బిళ్ళని తెర కింద అంచు మీద పెట్టాలి. బిళ్ళలు ఏ వరసలో ఉంటే ఆట ఆ వరసలో. మెకానిక్ షెడ్డు కుర్రాడైనా, బ్యాంకు ఆఫీసరు కొడుకైనా అంతే. ఒకసారి ఎవరో పెద్ద కుర్రాడు నా బిళ్ళని వేలితో చివరికి జరిపాడు. పార్లరు బాబాయి బల్ల దగ్గర్నించి లేచొచ్చి, దాన్ని మళ్ళీ దాని చోట పెట్టి, "వరసంటే వరసే" అని వెళ్ళిపోయాడు. ఆయన స్త్రీవాది ఏమీ కాదు, గొడవలైతే గిరాకీ పోతుందని ఆయన భయం. కారణం ఏదైనా, పన్నెండేళ్ళ ఆడపిల్లకి బహిరంగ స్థలంలో తన వంతు తనకి దక్కింది. ఆ తరవాత రేషన్ షాపు దగ్గరా, బస్సులోనూ, చివరికి యూనివర్సిటీ సెమినార్లలోనూ ఆ అనుభవం నాకు అంత తేలిగ్గా దొరకలేదు.

అయితే గమనించండి. లోపలికి వచ్చిన బిళ్ళలన్నీ సమానమే. లోపలికి ఎవరు రాగలిగారన్నది వేరే సంగతి. మా ఇంట్లో అంట్లు తోమడానికి వాళ్ళమ్మతో వచ్చే అమ్మాయిది నా ఈడే. ఆమెకి ఆ గది ఉన్నట్టే తెలియదు. అన్నయ్య ఉండి, రూపాయి ఉండి, మధ్యాహ్నం పని లేకుండా ఉండి నేను వెళ్ళగలిగాను. ఆమెకి ఈ మూడింటిలో ఒక్కటీ లేదు.

ఈ ఆటలు పుట్టిన చోట కూడా అవి మగవాళ్ళ చోట్లే. జపాన్‌లో 1970ల చివర ఆటల గదుల నిండా గ్రహాంతరవాసుల్ని కాల్చే ఆటలు, వాటి చుట్టూ మగవాళ్ళు. నామ్‌కో కంపెనీలో పనిచేసే తోరు ఇవతాని అనే పాతికేళ్ళ యువకుడు స్త్రీలు, జంటలు కూడా వచ్చేలా ఒక ఆట చేద్దామనుకున్నాడు. స్త్రీలకి ఏది ఇష్టమా అని ఆలోచిస్తే అతనికి తట్టింది తినడం! దాంట్లోంచి పుట్టిందే 1980 నాటి 'ప్యాక్-మ్యాన్'. ఒక పసుపుపచ్చ గుండ్రటి నోరు, చుక్కలు తింటూ సందుల్లో తిరుగుతుంది, వెనక రంగురంగుల దయ్యాలు తరుముతుంటాయి. స్త్రీలంటే తిండి అన్న ఆలోచన మీద మనం చాలా చెప్పొచ్చు. కానీ స్త్రీలు రాకపోవడం స్త్రీల లోపం కాదు, మనం చేసే ఆటల లోపం అని ఒక యువకుడు అనుకోవడం చిన్న సంగతి కాదు. మన సంస్థల్లోనే "మీటింగు పెట్టాం, ఆడవాళ్ళు రాలేదు" అని నివేదికల్లో రాసి ఊరుకునేవాళ్ళు ఎందరో!

ప్యాక్-మ్యాన్‌కి అమెరికాలో 1982లో స్త్రీ రూపం వచ్చింది. ఆ ఆటని మార్చి కొత్తది చేసినవాళ్ళు కాలేజీ వయసు కుర్రాళ్ళు. అదే పసుపు గుండ్రానికి ఎర్రటి రిబ్బను, లిప్‌స్టిక్, బుగ్గన ఒక పుట్టుమచ్చ. ఇక పేరు దగ్గర చిక్కొచ్చింది. 'మిస్' అందామంటే ఆట మధ్యలో వచ్చే బొమ్మలో ఆమెకి ఒక బిడ్డ పుడుతుంది. పెళ్ళికాని తల్లి అవుతుంది కదా! చివరికి 'మిజ్ ప్యాక్-మ్యాన్' అయింది. పెళ్ళయిందో లేదో చెప్పకుండా స్త్రీని పిలిచే ఆ 'మిజ్' కోసం అమెరికా స్త్రీవాదులు అంతకుముందు పదేళ్ళ పాటు వాదించారు. మన దరఖాస్తు ఫారాల్లో 'కుమారి, శ్రీమతి' గళ్ళ దగ్గర కలం ఆగిపోయినవాళ్ళందరికీ ఈ కథ అర్థమవుతుంది. ఆ ఆట పెట్టెలు లక్షకు పైగా అమ్ముడయ్యాయి.

ఆడేవాళ్ళ సంగతి సరే, చేసేవాళ్ళ సంగతి? 1981లో అటారీ కంపెనీ తెచ్చిన 'సెంటిపీడ్' ఆటని ఎడ్ లాగ్‌తో కలిసి తయారు చేసింది డోనా బెయిలీ. పార్లరు ఆటలు చేసే ఆ విభాగంలో ప్రోగ్రామరుగా ఆమె ఒక్కతే స్త్రీ. కంపెనీ దగ్గరున్న ఆలోచనల పుస్తకం తిరగేస్తే అన్నీ కాల్చడాలు, పేల్చడాలే. వాటిలో పురుగుని కాల్చే ఆట ఒక్కటే ఆమెకి అంత దుర్మార్గంగా తోచలేదట. తెర మీద లేతరంగులు కావాలని పట్టుబట్టింది. ఆ ఆట ఆడవాళ్ళకి బాగా నచ్చింది. ఆమె మాత్రం 1982లోనే అటారీని, ఇంకొన్నేళ్ళకి మొత్తం ఆ పరిశ్రమనే వదిలేసింది. తరవాత యూనివర్సిటీలో పాఠాలు చెప్పింది. వినియోగదారులుగా స్త్రీలు కావాలి, సహోద్యోగులుగా వస్తే మాత్రం ఊపిరాడనివ్వరు. ఈ వరస మీకు కొత్త కాదు.

ఆ గదులంటే ప్రభుత్వాలకీ, పెద్దలకీ భయం పట్టుకున్న రోజులు కూడా అవే. ఫిలిప్పీన్స్‌లో మార్కోస్ 1981 నవంబరులో వీడియోగేమ్‌లని ఏకంగా నిషేధించాడు. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని మెస్కిట్ పట్టణం, 17 ఏళ్ళలోపు పిల్లలు పెద్దవాళ్ళు తోడు లేకుండా ఆ గదుల్లో అడుగుపెట్టకూడదని నిబంధన పెడితే, ఆ కేసు 1982లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. పిల్లలు చెడిపోతున్నారని గగ్గోలు. ఆ పిల్లలెవరు? మగపిల్లలు. ఆడపిల్లల్ని ఆపడానికి ఏ మార్కోస్ అవసరమూ రాలేదు, ఏ పట్టణమూ తీర్మానం చెయ్యలేదు.

నా విషయంలో అయితే మా నాయనమ్మ ఒక్క మాట సరిపోయింది. 1994 వేసవిలో నేను పెద్దమనిషినయ్యాను. పదకొండు రోజులు చాప మీద కూర్చోబెట్టారు, చిమ్మిలి పెట్టారు, పేరంటం చేశారు, పట్టు ఓణీ కొన్నారు. పన్నెండో రోజున అన్నయ్య చెప్పులేసుకుంటుంటే నేనూ లేచాను. "ఇంకా ఏం తిరుగుళ్ళే, బాగోదు" అంది నాయనమ్మ. అంతే. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. అన్నయ్య ఒక్క నిమిషం గుమ్మంలో ఆగాడు. తరవాత ఒక్కడే వెళ్ళాడు. ఆ రాత్రి డాబా మీద పడుకున్నప్పుడు, "నీ బదులు చున్-లీతో ఆడానే, ఇద్దర్ని ఓడించా" అన్నాడు. చాలాకాలం నా ఆట అలా సాగింది. అన్నయ్య ఆడేవాడు, నేను వినేదాన్ని. అతనిది మంచి మనసు, కాదనను. కానీ మంచి మనసున్న మగవాళ్ళు మన బదులు ఆడి వచ్చి చెబితే వినే బతుకు మీద నాకు అప్పుడే కోపం పుట్టింది.

నేను మనుషుల్లోకి వచ్చాక ఇలాంటి తేదీలు దాదాపు ప్రతి స్త్రీ దగ్గరా విన్నాను. తొక్కుడుబిళ్ళ ఆగిన తేదీ. చెరువులో ఈత ఆగిన తేదీ. అన్న సైకిలు ముట్టుకోవద్దన్న తేదీ. పెళ్ళి తేదీ మరిచిపోయినవాళ్ళు కూడా ఇవి మరిచిపోలేదు. వీటిని మన కేసు రికార్డుల్లో ఏ గడిలో రాయాలి? హింస కింద రాయలేం. కానీ హక్కు కింద? స్త్రీల పట్ల అన్ని రకాల వివక్షనూ నిర్మూలించే ఐక్యరాజ్యసమితి ఒడంబడికని మన దేశం 1993లో ఆమోదించింది. దాని 13వ అధికరణం బ్యాంకు రుణాల గురించి చెబుతుందని మనందరికీ తెలుసు, మైక్రోఫైనాన్స్ వాళ్ళు మనకి నేర్పి పెట్టారు. అదే అధికరణంలో ఆ కింది వాక్యం వినోదం, క్రీడలు, సాంస్కృతిక జీవితంలో పాల్గొనే హక్కు గురించి. బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం ఆడుకోవడాన్ని హక్కు అనే అంది. అంటే మనం కొత్తగా ఏమీ అడగడం లేదు. సంతకం పెట్టిన కాగితాన్ని చివరిదాకా చదవమంటున్నాం.

ఆడుకోవడానికి వేళ కూడా కావాలి కదా. 2019లో ప్రభుత్వం చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే స్త్రీలు జీతం లేని ఆ పనికి రోజుకి సగటున 299 నిమిషాలు వెచ్చిస్తుంటే, ఇంటిపని చేసే పురుషులు వెచ్చించేది 97 నిమిషాలు. ఒక పొదుపు సంఘం సమావేశంలో "తీరిక దొరికితే ఏం చేస్తారు" అని అడిగాను. ఒకావిడ "కూర్చుంటే నిద్రొస్తదమ్మా" అంది. అందరూ నవ్వారు. నాకు రాసుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు.

ఇప్పుడన్నీ సెల్‌ఫోన్లో ఉన్నాయి కదా, ఇంట్లోనే ఆడుకోవచ్చు కదా అంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఫోను ఉందని చెప్పిన స్త్రీలు దేశంలో 54 శాతమే. ఉన్నా ఎవరితో మాట్లాడావు, ఏం చూశావు అనే తనిఖీ ఉంటుంది. అదీకాక ఇంట్లో మూల కూర్చుని ఆడటమూ, నలుగురి మధ్య బిళ్ళ పెట్టి వంతు కోసం నిలబడటమూ ఒకటి కాదు. మాల్‌లలో గేమ్ జోన్‌లు వచ్చాయి, నిజమే. కార్డు గీకితే ఆట. అక్కడ ఆడపిల్లలు కనిపిస్తారు, నాకూ సంతోషమే. కానీ ఆ కార్డులో డబ్బు వేయించగలిగేవాళ్ళెవరు? గేటు దగ్గరే ఆగిపోయేవాళ్ళెవరు? ముంబయి నగరం మీద శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే 2011లో రాసిన 'వై లాయ్‌టర్?' పుస్తకం ఈ ప్రశ్నని బాగా పట్టుకుంది. స్త్రీకి ఏదో ఒక పని ఉంటేనే బయట కనిపించాలా, ఊరికే ఉండకూడదా అని.

ఆ ఆటల్లో హింస ఉంది, చున్-లీ తొడల్ని గీసింది మగవాళ్ళ కోసమే అని మీలో ఒకరు ఇందాక టీ దగ్గర అన్నారు. ఆ విమర్శ సరైనదే, నేనూ క్లాసులో చెబుతాను. కానీ పన్నెండేళ్ళప్పుడు ఆ బొమ్మలో నేను చూసింది తొడల్ని కాదు, గెంతుని. ఈ రెండూ కలిపి చెప్పడం మనకి రావాలి.

రేపు మీరందరూ మీ మండలాలకి వెళ్తారు. చాలా ఊళ్ళలో పంచాయితీ ఆఫీసు అరుగు మీద ఒక క్యారమ్ బోర్డు ఉంటుంది, దాని చుట్టూ మగపిల్లలు ఉంటారు. అది ఎవరి డబ్బుతో కొన్నారో కనుక్కోండి. పంచాయితీ డబ్బయితే, వారానికి రెండు సాయంత్రాలు ఆడపిల్లలకి ఇవ్వమని గ్రామసభలో అడగండి. అలాగే మీ సర్వే ఫారంలో 'వినోదం' అని ఒక గడి ఉంది. దాంట్లో 'టీవీ' అని రాసి వదిలెయ్యకండి. చివరిసారి ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో ఆడుకున్నారు, ఎందుకు ఆగింది అని నాలుగు ప్రశ్నలడగండి. జవాబులు నాకు పంపండి.

ఇక మీ ప్రశ్నలు. మైకు అందినవాళ్ళు ముందు చిన్నప్పుడు ఏం ఆడేవారో చెప్పి, ఆ తరవాత అడగండి.