చిరగని చీటీ
(మెసైమీర్‌లో తెలుగువారి కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టర్ని కాను, సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. మా ప్రోగ్రాముల్లో చాలా సందేశాలకు ఒక గడువు పెడతాం. మన ఒంట్లోని కణం కూడా అదే చేస్తుందని తెలిసి ఆశ్చర్యపోయాను. అందుకే ఈ నాలుగు మాటలు.

మన పెళ్ళి వంటశాల గుర్తు చేసుకోండి. ఏ పూట ఏం వండాలో చీటీ రాసి పొయ్యిల దగ్గరికి పంపుతారు. పనయ్యాక చీటీ చించేస్తారు. కణంలో అసలు వంటల పుస్తకం డీఎన్ఏ. చీటీ మెసెంజర్ ఆర్ఎన్ఏ. వంటకం ప్రోటీన్. చీటీ ఎంతసేపు నిలిస్తే అంత వంట!

కొత్త రక్తనాళాలను మొలిపించే ప్రోటీన్ పేరు వీఈజీఎఫ్. మామూలుగా దాని చీటీల్లో సగం గంటలోపే చిరిగిపోతాయి. ప్రాణవాయువు తగ్గితే మాత్రం రెండు పనులు జరుగుతాయి. హిఫ్ అనే ప్రోటీన్ ఎక్కువ చీటీలు రాయిస్తుంది. కణం ప్రాణవాయువును ఎలా పసిగడుతుందో తేల్చినందుకే కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజాలకు 2019లో నోబెల్ వచ్చింది. ఇక హెచ్‌యూఆర్ అనే మరో ప్రోటీన్ చీటీ తోకను పట్టుకుని చిరగకుండా కాపాడుతుంది. 1990లలో ప్రయోగశాలలో పెంచిన కణాల్లో ఆ చీటీ ఆయుష్షు రెండింతలు దాటింది.

గాయం మానేటప్పుడు ఇది వరం. షుగరు వ్యాధి ఉన్నవారి కంటిలో ఇదే శాపం. చక్కెర ఎక్కువై రెటీనాలోని సన్నని నాళాలు మూసుకుపోతాయి. అక్కడ ప్రాణవాయువు కరువవుతుంది. వీఈజీఎఫ్ పెరిగి, బలంలేని కొత్త నాళాలు మొలుస్తాయి. అవి చిట్లితే చూపే పోవచ్చు. దీనికి లేజరు ఉంది, వీఈజీఎఫ్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లు ఉన్నాయి. అయితే చిక్కేమిటంటే, మొదట్లో నొప్పీ ఉండదు, మసకా ఉండదు. బాగానే కనిపిస్తోంది కదా అని ఊరుకుంటాం.

ఖతార్‌లో మనకు సెలవు శుక్రవారం. ఆ రోజు నిద్రకి, ఇంటికి ఫోన్లకి సరిపోతుంది. కంటి పరీక్ష వచ్చే నెలకి, ఆపైన ఊరెళ్ళినప్పటికి వాయిదా పడుతుంది. షుగరు ఉందని తెలిసిన వెంటనే ఒకసారి, ఆ తర్వాత ఏటా ఒకసారి చుక్కలమందు వేయించుకుని రెటీనా చూపించుకోండి. ఆ పూట కారు మాత్రం వేరేవాళ్ళని నడపమనండి. సెలవుకి ఊరెళ్ళినప్పుడు అమ్మానాన్నల్నీ తీసుకెళ్ళండి. 1987లో హైదరాబాదులో మొదలైన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఇప్పుడు విశాఖలోనూ, విజయవాడలోనూ ఉంది.

కణం తన చీటీని దాచుకుంటుంది. డాక్టరుగారు రాసిచ్చిన చీటీని మనం జేబులో దాచుకోవద్దు. సెలవు.