చేతిలో ఉన్న పనితోనే మొదలు పెడదాం
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువుల గురించి, ఉద్యోగాల గురించి మన సభల్లో మాట్లాడుకుంటూనే ఉంటాం. ఈసారి చిన్న వృత్తుల మీద నాలుగు మాటలు చెప్పమని పెద్దలు మమ్మల్ని ఆదేశించారు. మోటారు వైండింగు, కుట్టుపని, పరుపులు ఏకడం, ఫ్రిజ్జులు, సెల్‌ఫోన్ల రిపేరు... ఖమ్మం మొదలు భద్రాచలం దాకా మన ఇళ్ళలో ఎన్నో పొయ్యిలు ఇలాంటి పనుల మీదే వెలుగుతున్నాయి. వీటిలోకి కొత్తగా దిగే కుర్రవాడికి పెద్ద చిక్కు ఒకటుంది. ఏ పనికి గిరాకీ ఉందో, దేనికి ఎంత తీసుకోవాలో తేలడానికి ఏడాది, రెండేళ్ళు పడుతుంది. అందాకా ఇల్లు గడవాలి కదా?

చాలామంది పట్టే దారి అప్పు. ముందే షాపు, అద్దాల బీరువా, రంగుల బోర్డు, సకల సామాను. ఇంటావిడ గొలుసు తాకట్టుకు పోతుంది. గిరాకీ రాకముందే వాయిదా వచ్చి తలుపు తడుతుంది. ఆర్నెల్లకు బోర్డు దిగుతుంది గాని అప్పు దిగదు. మేము చెప్పదలచింది దీనికి ఎదురు దారి. వచ్చిన ఒక్క పనితో ఈరోజే సంపాదన మొదలుపెట్టండి, మిగతా పనులను ఆ సంపాదనలోంచే పెంచుకోండి.

ఇది కొత్త మాట కాదు. అబూ దావూద్ సంకలనంలోని ఒక హదీసు మనలో చాలామంది విన్నదే. సహాయం అడగవచ్చిన అన్సారీ వ్యక్తి ఇంట్లో ఉన్నవి ఒక ముతక గుడ్డ, ఒక నీళ్ళ పాత్ర. దైవప్రవక్త (స) వాటిని రెండు దిర్హములకు అమ్మించారు. ఒక దిర్హముతో ఇంటికి తిండి, రెండవదానితో గొడ్డలి కొనమన్నారు. పదిహేను రోజులు కట్టెలు కొట్టి అమ్ముకోమన్నారు. ఆయన పది దిర్హములతో తిరిగి వచ్చాడు. లెక్క గమనించండి. సగం తిండికి, సగం పనిముట్టుకు. ఇంటిని పస్తు పెట్టి పనిముట్టు కొనమనలేదు, ఉన్నదంతా తినెయ్యమనీ అనలేదు.

మన దూదేకుల సోదరుల వృత్తినే చూడండి. వెనుకటి రోజుల్లో ఏకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగేవారు. పాత పరుపు విప్పి దూది ఏకడం, అంతే పని. దూది, గుడ్డ ఇంటివారివే. కాబట్టి పెట్టుబడి లేదు, కూలి మాత్రం ఆ రోజే చేతికొచ్చేది. గలీబు కూడా మీరే కుట్టిపెట్టండి అంటే కుట్టారు, దిండ్లు కావాలంటే దిండ్లు చేశారు. అడిగినవారిని బట్టి పని పెరిగింది. ఫోము పరుపులు వచ్చాక ఏకడం ఒక్కటే నమ్ముకున్నవారు దెబ్బతిన్నారు. ఏకే మిషనును ట్రాలీ ఆటోలో పెట్టుకుని ఇంటి ముందుకే వెళ్ళేవారు ఇప్పటికీ నిలబడ్డారు.

మన అడవి సరిహద్దులో మరో సంగతి ఉంది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో సవరించారు, దాన్నే మనం వన్ ఆఫ్ సెవెంటీ అంటాం. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులు భూమి కొనరాదు. అది గిరిజన సోదరుల భూమిని కాపాడే చట్టం, గౌరవించవలసిందే. అంటే అక్కడ మన ఆస్తి షాపు గోడలు కావు. మన చేతి పని, నలుగురి నమ్మకం, అవే ఆస్తి. అప్పు తెచ్చి అద్దె గోడలకు సొగసులు చేయించడం దేనికి?

ఇక ఆచరణలోకి వద్దాం. వైండింగు నేర్చిన కుర్రవాడినే తీసుకుందాం. మొదట ఫ్యానుకు కండెన్సరు మార్చడం, బేరింగు వేయడం చాలు. గంటలో అయ్యే పని, వెంటనే డబ్బు. చేతికి ధైర్యం వచ్చాక ఫ్యాను కాయిలు చుట్టవచ్చు, ఆ తరువాత బోరు మోటార్లు. పెద్ద పనికి రాగి తీగ ఖర్చు ముందే అడిగి తీసుకోవాలి, కూలి తరువాత. తనకు రాని పనిని కాదనకుండా తెలిసిన మేస్త్రీ దగ్గరకు పట్టుకెళ్ళి, పక్కన కూర్చుని నేర్చుకోవాలి.

ఒక నోటు పుస్తకం పెట్టండి. ఒక పక్క చేసిన పని, వచ్చిన డబ్బు. రెండో పక్క, జనం అడిగినా మనం చేయలేకపోయిన పని. రెండో పక్కన ఒకే మాట పదిసార్లు కనబడితే మీరు మొదలుపెట్టాల్సిన తరువాతి పని అదే. మిర్చి తోటకు నీళ్ళు పెట్టే రోజుల్లో మోటారు కాలిపోయిన రైతు, "బాగయ్యేదాకా వేరే మోటారు ఏమైనా ఇస్తావా భాయ్?" అంటాడు. పదిమంది అలా అడిగితే, పాత మోటారు ఒకటి బాగుచేసి అద్దెకిచ్చే పని పుట్టినట్టే. కొత్త పనిని ముందు నలుగురికి చేసి చూడండి. కాని డబ్బు తీసుకునే చేయండి. ఊరికే చేసిపెడితే అందరూ బాగుందనే అంటారు, డబ్బిచ్చినవాడే నిజం చెబుతాడు.

కాలాన్ని కూడా గమనించాలి. గోదావరి 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. 1986లో 75 అడుగులు దాటింది. మూడవ ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు ఇస్తారు. నీళ్ళు తీసిన ఊళ్ళో మునిగిన మోటార్లను, మిక్సీలను కడిగి, బాగా ఆరబెట్టి, పరీక్షించాకే కరెంటు ఇవ్వాలి. అది తెలిసినవాడు ఊరికి దిక్కవుతాడు. అలాంటి రోజుల్లో ధర మాత్రం పెంచకండి. ఆ ఒక్క వారం చూపిన న్యాయం ఏళ్ళ తరబడి గిరాకీ తెస్తుంది.

అక్కచెల్లెళ్ళకు కూడా ఇదే మాట. చీరకు ఫాలు, పీకోతో మొదలై, జాకెట్టుకు, ఆపైన మగ్గం పనికి పోవచ్చు. సబ్సిడీ లోనుకు దరఖాస్తు పెట్టండి, తప్పు లేదు. అది మంజూరయ్యేదాకా మిషను మాత్రం ఆగకూడదు.

చివరగా సంఘానికి ఒక విన్నపం. ఖరీదైన పనిముట్లు కొన్ని సంఘం తరఫున కొని, కొత్తవారికి వంతులవారీగా వడ్డీ లేకుండా వాడుకోనిద్దాం. చేయి తిరిగిన మేస్త్రీలు తలా ఒక కుర్రవాడిని పక్కన కూర్చోబెట్టుకోండి. మీకు తీరిక లేని చిన్న పనులు వాడికి పంపండి. ఒక గొలుసైనా తాకట్టుకు పోకుండా ఆగితే ఈ సభకు అంతకన్నా ఫలితం ఏముంది?